ఒంటరి ఆటలో తొండి: సరిహద్దు ఊళ్ల నెట్ సెంటర్ల జ్ఞాపకాలు

"తొండిరా అది!"
"తొండేటి? ఆటే ఒప్పుకుంది కదా!"

బరంపురం గిరి రోడ్డు మొదలు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా నెట్ సెంటర్లు కళకళలాడిన కాలంలో ఈ రెండు మాటలూ విననివాళ్లు తక్కువ. వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ల గోల వేరు. మూల కుర్చీల్లో మోరోవిండ్, బాల్డర్స్ గేట్ లాంటి మాయాలోకపు ఆటలు పట్టుకుని కూర్చునేవాళ్లది వేరే తెగ. ఆడేది ఒక్కడు. ఘుగుని (బఠాణీల చిరుతిండి) పొట్లం చేత్తో పట్టుకుని వెనక నిలబడి తీర్పులు చెప్పేది ముగ్గురు నలుగురు. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి రైల్లో వచ్చి చదువుకునే కుర్రాళ్లూ, బరంపురంలోనే పుట్టి ఒడియా మీడియంలో చదివిన తెలుగు పిల్లలూ ఆ గుంపులో కలిసిపోయేవాళ్లు.

ఎదుట ఇంకో మనిషే లేని ఆటలో అన్యాయం ఎవరికి అని బయటివాళ్లు అడిగేవారు. ఆ ప్రశ్నకు అప్పట్లో వాదనల్లో నలిగి నలిగి తేలిన జవాబు ఇప్పటికీ సరైనదే. పులి–మేక ఆటలో మేకలన్నీ కలిసి పులిని కదలకుండా కట్టేస్తే అది గెలుపు. నేలమీద గీసిన గీతల్లో ఒకటి చెరిపేసి పులికి దారి లేకుండా చేస్తే తొండి. కంప్యూటర్ ఆటలోనూ అంతే. యుక్తి ఆ లోకం లోపల నిలబడి పన్నిందా, లోకాన్ని నడిపే ప్రోగ్రాము అతుకులు విప్పి చేసిందా అన్నది మొదట చూడాలి. ఆ యుక్తి పన్నాక ఆటలో ఇంకా ఎంచుకోవడానికి ఏమైనా మిగిలిందా అన్నది తర్వాత చూడాలి. రెండోదే ఎక్కువ ముఖ్యమని నా అభిప్రాయం.

సేవ్, అంటే ఆడినంతవరకూ ఆటను దాచుకోవడం, దాని సంగతి ముందు చెప్పుకోవాలి, మన ఊళ్లలో దాని లెక్కే వేరు. పెద్ద నగరాల్లో ఆడేవాళ్లు ఐదు నిమిషాలకోసారి సేవ్ చేసేవాణ్ని పిరికివాడు అనేవాళ్లేమో. మన వైపు కరెంటు లైను ఎప్పుడు పోతుందో తెలీదు. గంట లెక్కన డబ్బు కట్టి ఆడే చోట నలభై నిమిషాల ఆట గాల్లో కలిసిపోతే జేబులో డబ్బు పోయినట్టే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లా రోజుల తరబడి చీకట్లో ఉంది. ఆ పెద్ద గాలిని పక్కన పెట్టినా వేసవి సాయంత్రాలు చాలు. అందుకని సేవ్ చేయడం తొండి అని మన దగ్గర ఎవరూ అనలేదు. పాచిక నచ్చలేదని సేవ్‌లోంచి వెనక్కి వెళ్లడమే తొండి.

ఆ రోజుల్లో అందరికీ కంఠతా వచ్చిన జాగ్రత్త ఒకటుంది. ఫైలు డిస్కు మీద రాస్తుండగా కరెంటు పోతే సగం రాసిన ఫైలు మిగులుతుంది, అది మళ్లీ తెరుచుకోదు. స్కైరిమ్ అనే ఆటలో ఎఫ్5 నొక్కితే వచ్చే క్విక్‌సేవ్ ఎప్పుడూ ఒకే చోట పాతదాని మీదే రాస్తుంది. ఆ క్షణాన లైను పోతే కొత్తదానితో పాటు పాతదీ పోవచ్చు. కనుక మెనూలోకి వెళ్లి రెండు విడి సేవ్‌లు పెట్టుకుని, ఒకసారి ఒకదాని మీద, మరోసారి రెండోదాని మీద రాయాలి. చాలా సెంటర్లలో రీస్టార్ట్ అయితే డిస్కంతా పొద్దున్న ఉన్న స్థితికి వెళ్లిపోయే సాఫ్ట్‌వేర్ వేసేవారు. అక్కడ సేవ్ ఫోల్డరు పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకోకుండా కుర్చీ దిగకూడదు. స్కైరిమ్‌ది మై డాక్యుమెంట్స్ లోపల మై గేమ్స్‌లో ఉండేది, మోరోవిండ్‌ది ఆట ఎక్కించిన ఫోల్డర్లోనే ఉండేది. ఇది తెలీక పోగొట్టుకున్నవాళ్లు ఊరికొకరు.

వెనక్కి వెళ్లడానికి అసలైన ఉదాహరణ బాల్డర్స్ గేట్ మంత్రగాడు. మంత్రం రాసిన కాగితపు చుట్టను (స్క్రోల్) పుస్తకంలోకి ఎక్కించుకునేటప్పుడు బుద్ధి 18 ఉన్నా 85 శాతమే అవకాశం. తప్పితే మంత్రమూ రాదు, చుట్టా పోతుంది. దాదాపు అందరూ ముందు సేవ్ చేసి, తప్పితే ఆ సేవ్‌ను మళ్లీ లోడ్ చేసేవారు. నిజానికి దానికి మందు ఆటలోనే ఉంది. పోషన్ ఆఫ్ జీనియస్ అనే మాయ మందు సీసా ఒకటి తాగితే బుద్ధి నాలుగు పెరుగుతుంది, అవకాశం 95 దాటుతుంది. ఆ సీసా దాచుకుని, నాలుగైదు చుట్టలు పోగేసి, ఒక్కసారి తాగి అన్నీ ఎక్కించుకుంటే అది తెలివి. ఫలితం ఒకటే కదా అనేవాళ్లుంటారు. సీసాకు డబ్బయింది, చుట్టలు పోగుచేయడానికి ఓపిక పట్టాల్సి వచ్చింది, ఎప్పుడు తాగాలో ఆలోచించాల్సి వచ్చింది. లోడ్ చేసినవాడు వీటిలో ఏదీ చేయలేదు. జేబులు కొట్టడంలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. దొరికిపోతే కాపలావాళ్లు మీద పడతారన్న భయమే ఆ విద్యకున్న ధర. భయం తీసేస్తే ఊళ్లో ప్రతి జేబూ మనదే, అప్పుడు దొంగ పాత్రకు అర్థం లేదు.

మోరోవిండ్ గురించి తీరిగ్గా చెప్పుకోవాలి. 2002లో వచ్చిన ఆట. పెంటియం 4 పెట్టె మీద కొద్దిగా ఆయాసపడుతూ నడిచేది. దాంట్లో రసవాదం అంత విచిత్రమైన విద్య ఇంకే ఆటలోనూ పుట్టలేదు. పోషన్ బలాన్ని నిర్ణయించేవి రసవాద నైపుణ్యం, బుద్ధిలో పదో వంతు, అదృష్టంలో పదో వంతు, కల్వం నాణ్యత. ఇక్కడ బుద్ధికి పై హద్దు పెట్టలేదు. బుద్ధిని పెంచే పోషన్‌ను కూడా అదే బుద్ధితో నూరవచ్చు. ఆ లోకంలో దొరికే యాష్ యామ్ దుంప, బ్లోట్ అనే సరుకు కలిపితే బుద్ధి పెంచే పోషన్ వస్తుంది. నెచ్ అనే జంతువు తోలు కూడా అందుకు పనికొస్తుంది. ఒకటి తాగి ఇంకొకటి నూరితే అది కాస్త బలంగా ఉంటుంది. అది తాగి మళ్లీ నూరాలి.

మొదట్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. పదో వంతే కలుస్తుంది కనుక తొలి సీసాల్లో తేడా ఒకటి రెండు అంకెలే. ఓపిక లేనివాళ్లు ఇక్కడే మానేసేవారు. బుద్ధి కొన్ని వందలు దాటాక ప్రతి సీసా ముందుదాన్ని మింగేస్తూ పోతుంది. అంకెలు వేలు, లక్షలు దాటుతాయి, కాలం కూడా దాంతో పాటే పెరుగుతుంది. ఆటలో ఒక రోజంతా ఉండే సీసాలు తయారవుతాయి. సరుకులు కనీసం ముప్పై నలభై జతలు ముందే పోగుచేసుకోవాలి, ఎందుకంటే మధ్యలో అయిపోయి బజారుకు వెళ్లొచ్చేలోపు తొలి సీసాల ప్రభావం కరిగిపోతుంది. ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలు రాసుకున్న నోటుపుస్తకాల్లో ఈ జతలు ఉండేవి. దుంప పేరు, దాని పక్కన ప్లస్సు గుర్తు, ఎవరి దుకాణంలో దొరుకుతుందో, కింద ఎర్ర సిరాతో "బలం పోషన్ తాగొద్దు, కత్తి ఇరుగుద్ది".

ఆ ఎర్ర సిరా హెచ్చరిక నిజం. ఇదే బుద్ధితో బలం పెంచే పోషన్ నూరి తాగితే ఒక్క దెబ్బకు శత్రువు పోతాడు, కానీ ఆ దెబ్బ ఎంత పెద్దదో ఆయుధం అంత అరుగుతుంది. మొదటి దెబ్బకే కత్తి పనికిరాకుండా పోతుంది. వేగం పోషన్ అతిగా తాగితే మనిషి అదుపులో ఉండడు, అడుగు వేస్తే ఊరవతల తేలుతాడు. ఆ సీసాలు అమ్ముదామంటే అంత డబ్బున్న వ్యాపారి లేడు. కాల్డెరాలో ఘొరాక్ మేనర్ అనే ఇంట్లో క్రీపర్ అని ఒక చిన్న స్క్యాంప్, అంటే పిశాచం లాంటిది, ఉంటుంది. వస్తువుకు పూర్తి ధర ఇస్తుంది గానీ దాని దగ్గర ఐదువేల నాణేలే. సముద్రం మధ్య ఎక్కడో మాట్లాడే పీత ఒకటుంది, దాని దగ్గర పదివేలు.

క్రీపర్ దగ్గర ఒక వాడుక ఉండేది. ఇరవైవేల కత్తి అమ్మాలంటే ఐదువేలు నగదు తీసుకుని, మిగతాకు ముందు దానికే అమ్మిన చిన్న వస్తువులు వెనక్కి తీసుకోవాలి. ఆటలో 24 గంటలు నిద్రపోతే దాని చేతికి మళ్లీ ఐదువేలు వస్తాయి. అప్పుడు ఆ చిన్న వస్తువులు మళ్లీ అమ్మాలి. ఇది తొండి కాదనే అంటాను. ఆ పీతనూ స్క్యాంప్‌నూ ఆ లోకంలో పెట్టినవాళ్లు కావాలనే పెట్టారు, వెతికినవాడికి దొరికిన బహుమతి అది. ఒక సీసా ఇంకో సీసాను పెంచుకుంటూ పోయే రసవాదపు సుడి మాత్రం వేరు. దాన్ని ఒకసారి చేసి చూడాలి, అంత అందమైన లెక్క చూడకపోతే లోటే. చేశాక ఆ సేవ్ పక్కన పడేసి పాతదానికి వెళ్లాలి. ఎందుకంటే ఆ తర్వాత ఆ ఆటలో కవచం అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, స్నేహితుడు అక్కర్లేదు, దారి కూడా అక్కర్లేదు.

తొమ్మిదేళ్ల తర్వాత 2011 నవంబరు 11న వచ్చిన స్కైరిమ్‌లో ఇదే సుడి వేరే దారిన దూరింది. రసవాదం పెంచే నగలు, కవచాలు ధరించాలి. ఉప్పుకుప్ప, సైరోడిలిక్ స్పేడ్‌టెయిల్ చేప కలిపి రెస్టొరేషన్ (గాయాలు మాన్పే మంత్రవిద్య) పెంచే పోషన్ చేయాలి. తాగాలి, ఆ నగలు విప్పి మళ్లీ పెట్టుకోవాలి. నగల మీది మంత్రాన్ని ఆట రెస్టొరేషన్ విద్య కింద జమకడుతుంది కనుక పోషన్ దాన్ని కూడా పెంచేస్తుంది. పెరిగిన నగలతో ఇంకా బలమైన పోషన్ నూరాలి. అతిగా తిప్పితే అంకె పట్టక రుణసంఖ్యలోకి తిరుగుతుంది, లేదా ఆటే కూలిపోతుంది. అభిమానులు చేసిన అనధికారిక ప్యాచ్ (ఆట లోపాలు సరిచేసే ఫైలు) వేసుకుంటే ఈ దారి మూసుకుపోతుంది. మోరోవిండ్ సుడిలో కనీసం ఒక తర్కం ఉంది: తెలివైనవాడు మంచి మందు నూరతాడు, మందు తాగితే ఇంకా తెలివొస్తుంది. నగలు విప్పి పెట్టుకుంటే బలం రావడానికి ఆ లోకంలో కారణమే లేదు. కనుక ఇది నిఖార్సైన తొండి. దుకాణదారు తలమీద బకెట్టు బోర్లించి కొట్టంతా దోచుకోవడాన్ని మాత్రం మన వెనక నిలబడేవాళ్ల న్యాయస్థానం పెద్దగా పట్టించుకోలేదు. కళ్లు మూసేస్తే కనబడదు, అంతే కదా!

బాల్డర్స్ గేట్ రెండో భాగం 2000లో వచ్చింది. అందులో ఫిర్క్‌రాగ్ అనే ఎర్ర డ్రాగన్ మీద జరిగినంత వాదన ఇంక దేని మీదా జరగలేదు. వాడు గుహలో కూర్చుని మాట్లాడతాడు. మాటల్లో మనం కయ్యానికి దిగేదాకా శత్రువు కాడు. దొంగ పాత్రకు ఉచ్చులు పన్నే విద్య ఉంది, మన జట్టులో చేరే యోషిమో అందులో దిట్ట. శత్రువు కనబడుతుంటే ఉచ్చు పెట్టనివ్వదు ఆట. ఫిర్క్‌రాగ్ ఇంకా శత్రువు కాడు కనుక వాడి కాళ్ల చుట్టూ తీరిగ్గా ఉచ్చులు పరుచుకోవచ్చు. ఒక రోజు సరిపోకపోతే నిద్రపోయి లేచి ఇంకా పరచవచ్చు. తర్వాత కత్తి దూస్తే వాడు కదిలిన క్షణమే అన్నీ పేలతాయి. వాడి నిధిలో పాలడిన్లు (ధర్మయోధులు) మాత్రమే పట్టగల కార్సోమిర్ ఖడ్గం ఉంది, అందుకే అందరికీ అంత ఆత్రం.

కళ్లముందు గుంతలు తవ్వుతుంటే డ్రాగన్ చూస్తూ కూర్చోవడమేమిటని కొందరు. మంచి ప్రశ్నే. కానీ ఇదే ఆట మనమీద చేసే తొండిని కూడా లెక్కలో వేయాలి. ఎన్నో చోట్ల శత్రువు మనల్ని చూడగానే ఆట మన చేతుల్లోంచి పగ్గాలు లాక్కుని సంభాషణ మొదలెడుతుంది. మనవాళ్లు వరసలు చెదిరి, వేసుకున్న రక్షా మంత్రాల కాలం కరిగిపోతుండగా శత్రువు ఎదుట బిక్కమొహాలతో నిలబడతారు. సన్నాహాన్ని ఆటే లాక్కుంటే, ఆట అనుమతించిన చోట ముందే సన్నాహం చేసుకోవడం న్యాయమే. ఫిర్క్‌రాగ్ ఉచ్చులను ఒప్పుకుంటాను. తలుపు అవతల, మసక చీకట్లో నిలబడి కనబడని శత్రువుల మీదకు క్లౌడ్‌కిల్ విషవాయువు వదలడం మాత్రం ఒప్పుకోను. వాళ్లు చస్తూ కూడా కదలరు. శత్రువు ప్రోగ్రాము కళ్లకు మనం కనబడితేనే పని మొదలెట్టేలా రాసి ఉంది, ఆ గుడ్డితనాన్ని వాడుకోవడమే అది. దొంగసొమ్ము కొనే వ్యాపారికి వస్తువు అమ్మి, దొంగతనపు నేర్పు పెంచే మాస్టర్ థీవరీ పోషన్లు వరసగా తాగి అదే వస్తువు కొట్టేసి, మళ్లీ అతనికే అమ్మడం కూడా ఆ కోవలోదే.

ఆట మనమీద చేసే తొండికి రాజు 2006లో వచ్చిన ఆబ్లివియన్. మన స్థాయి పెరిగేకొద్దీ శత్రువులూ పెరుగుతారు. చివరికి దారికాచే దొంగ వేల నాణేల విలువైన గ్లాస్ కవచం వేసుకుని వచ్చి వంద నాణేలు ఇమ్మని బెదిరిస్తాడు. నిద్రపోయినప్పుడే స్థాయి పెరుగుతుంది కనుక కొందరు అసలు నిద్రే పోయేవారు కాదు. ఇంకొందరు ఏ లక్షణం కింద ఏ నైపుణ్యం ఎన్నిసార్లు పెరిగిందో కాగితం మీద గీతలు పెట్టుకునేవారు. ఒక లక్షణానికి ఐదు పాయింట్లు రావాలంటే దాని కింది నైపుణ్యాలు స్థాయి మారేలోగా పది పెరగాలి. దీన్ని తొండి అనేవాళ్లతో ఏకీభవించను, నియమం అంత వంకరగా ఉంటే ఆడేవాడు కాగితం పట్టుకోక ఏం చేస్తాడు? అదే ఆటలో ఒంటిమీద వేసుకునే ఐదు వస్తువుల మీద ఇరవై శాతం చొప్పున కెమీలియన్ మంత్రం వేసి నూరు శాతం మాయమైపోవడం మాత్రం ఆటను చంపేయడమే. శత్రువు దెబ్బలు తింటూ దిక్కులు చూస్తాడు. నియమం ఒక్కటీ తప్పలేదు. అయినా ఎంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పోకెమాన్ సంగతి క్లుప్తంగా. ఎమ్యులేటర్‌లో (పాత గేమ్ యంత్రాన్ని కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాము) రెడ్, బ్లూ ఆడినవాళ్లందరికీ మిస్సింగ్‌నో అనే లోపపు పోకెమాన్ తెలుసు. విరిడియన్ ఊళ్లో ముసలాయన పోకెమాన్ పట్టి చూపించేటప్పుడు ఆట మన పేరును వేరేచోట తాత్కాలికంగా దాస్తుంది. ఆ చోటు అడవి పోకెమాన్ల జాబితాది. సినబార్ దీవి తూర్పు ఒడ్డుకు సొంత జాబితా లేదు, అక్కడ ఈదితే ఆట ఆ మిగిలిపోయిన అక్షరాలనే జాబితాగా చదువుతుంది. మిస్సింగ్‌నో ఎదురుపడగానే సంచిలో ఆరో వస్తువు 128 పెరుగుతుంది. ఆరో చోట పోకెమాన్ స్థాయి పెంచే రేర్ క్యాండీ పెట్టుకోని పిల్లాడు లేడు. దానివల్ల విజేతల మందిరపు బొమ్మలు చెడిపోతాయి. ఇది తొండి అని ఆ పిల్లలకే తెలుసు, దాచుకోలేదు కూడా.

ఇప్పుడు సెంటర్లు లేవు, ఇంట్లో ల్యాప్‌టాప్‌లు, ఇన్వర్టర్లు వచ్చాయి. వాదన మాత్రం సాగుతోంది. 2022 ఫిబ్రవరి 25న వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో మోగ్విన్ ప్యాలెస్ దారిలో లోయ అవతల పెద్ద పక్షి ఒకటుంది. లాంగ్‌బో లాంటి దూరం వెళ్లే విల్లుతో కొడితే అది ఆవేశంగా పరిగెత్తుకొచ్చి లోయలో పడి చస్తుంది, ఆ ఆటలో డబ్బులాంటి రూన్లు పదకొండు వేల పైచిలుకు మనవి. గ్రేస్ అనే విశ్రాంతి చోట కూర్చుని లేస్తే మళ్లీ నిలబడి ఉంటుంది. కేలిడ్ వైపు గ్రేయోల్ అనే ముసలి డ్రాగన్ కదలదు, వెనక నుంచి కొడుతూ పోతే యాభై వేల రూన్లు. రెండోది ఆ లోకపు కథలోనే ఉంది, అది ముసలిది, కదలలేదు. మొదటిది దారి వెతకలేని ప్రోగ్రాము లోపం. ఆత్మలను పిలిచి సాయం తీసుకోవడం తొండి అని కొత్తగా మొదలుపెట్టినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గంట చేతికిచ్చి మోగించమన్నది ఆటే.

2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ మూడో భాగంలో పేలుడు పీపాలు సంచీల్లో మోసుకొచ్చి, ఒకరు శత్రువుతో మాట్లాడుతుండగా మిగతావాళ్లు అతని చుట్టూ పేర్చి నిప్పంటించడం ప్రసిద్ధం. పీపాలు బరువు, మోయడానికి బలమున్న పాత్ర కావాలి, ఒక్క నిప్పురవ్వ ముందే పడితే మనమే పోతాం. కష్టం ఉంది, ప్రమాదం ఉంది, కనుక న్యాయమే. ఆ నవంబరు 30న వచ్చిన ఆనర్ మోడ్‌లో సేవ్ ఒక్కటే. ఓడితే వెనక్కి లేదు. అక్కడ కూడా పీపాలు పనిచేస్తాయి, సేవ్ వెనక్కి తిప్పడమే కుదరదు. గీత సరిగ్గా ఎక్కడ గీయాలో ఆ తయారీదారులకు బాగా తెలుసు.

ఇంకా ముచ్చటైన జవాబు 2015లో విచర్ మూడో భాగం వాళ్లు ఇచ్చారు. వైట్ ఆర్చర్డ్ పల్లెలో ఆవులను చంపి, తోళ్లు తీసి, కాసేపు ధ్యానంలో కూర్చుంటే ఆవులు మళ్లీ పుట్టేవి. జనం తోళ్లు అమ్మి ధనవంతులైపోయారు. ఒక ప్యాచ్‌లో తయారీదారులు దారి మూయలేదు. ఆవులను ఎక్కువ చంపితే చోర్ట్ అనే భయంకరమైన మృగం వచ్చి మీద పడేలా చేశారు, దానికి బోవైన్ డిఫెన్స్ ఫోర్స్ ఇనిషియేటివ్ అని పేరు పెట్టారు. అదే ఏడాది వచ్చిన హార్ట్స్ ఆఫ్ స్టోన్ అనుబంధంలో ఆక్సెన్‌ఫర్ట్ పన్ను అధికారి ఆట కథానాయకుడు గెరాల్ట్‌ను ఆపి, వైట్ ఆర్చర్డ్‌లో ఆవుతోళ్లు పెద్దమొత్తంలో అమ్మావట కదా అని నిలదీస్తాడు. తొండిని కూడా ఆ లోకం లోపలికి లాక్కుని అక్కడే లెక్క అడిగారు. కొత్తగా ఆ ఆట మొదలుపెట్టే తమ్ముళ్లకు ఆవుల జోలి అవసరమే లేదు. దొరికిన కత్తులు కమ్మరికీ, కవచాలు కవచాలు చేసేవాడికీ అమ్మండి. మామూలు దుకాణంలో కంటే మంచి ధర వస్తుంది.